పట్టాభిరామయ్య గారి జీతం

కరిగిన పారఫిన్ మైనం వాసన తగిలినప్పుడల్లా నాకు ఒక తేదీ గుర్తుకు వస్తుంది: 2001 ఆగస్టు 6, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పోయిన వారం భుజం పట్టేసి ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్ళాను. లోపలి గదిలో ఎవరి వేళ్ళకో మైనం పట్టు వేస్తున్నారు. ఆర్పిన కొవ్వొత్తి వాసనను పోలిన ఆ వెచ్చని వాసన పరదా దాటి వచ్చేసరికి, నన్నెవరో తనిఖీకి పిలిచినట్టు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. డైరీ చూడవలసిన అవసరం లేకపోయినా ఇంటికి వచ్చి తీసి చూశాను. ఆ రోజు పేజీలో ఒక్క వాక్యమే ఉంది: 'ఫ్యాక్స్ వచ్చింది, అక్టోబరు నుంచి అరవై వేలు రావు.'

అప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు. ఫిల్మ్‌నగర్‌లో ఒక ట్రస్టు నడిపే చికిత్సా కేంద్రంలో పరిపాలనాధికారిగా పనిచేసేదాన్ని. సినిమా పనిలో దెబ్బతిన్న కార్మికులకు అక్కడ ఉచితంగా ఫిజియోథెరపీ చేసేవారు. ఎత్తు నుంచి దూకి మోకాలు విరగ్గొట్టుకున్న ఫైటర్లు, నిచ్చెన మీది నుంచి పడ్డ లైట్‌మెన్, సెట్టు కూలి వెన్ను నలిగిన వడ్రంగులు వచ్చేవారు. ట్రస్టు అధ్యక్షులు పురుషోత్తం గారు జూబ్లీ హిల్స్‌లో ఉండే పాతకాలపు నిర్మాత. కేంద్రాన్ని రోజూ నడిపేది మాత్రం డైరెక్టరు పట్టాభిరామయ్య గారు. ఆయన తెనాలి వైపు మనిషి. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ కలిపి ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి వచ్చారు. నెలకు ఇరవై నాలుగు వేల జీతం తీసుకునేవారు. ఆ జీతం ఉండాలా వద్దా అన్న తగాదాలో నేను ఏ పక్షాన నిలబడ్డానో చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు సాధ్యం కాదు.

ఆయనను మొదట చూసింది 1998 జూన్ 15న, ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు. సర్టిఫికెట్లు పక్కన పెట్టి, జీతం ఎంత కావాలని అడిగారు. సేవా సంస్థ కదా, మీరు ఎంత ఇచ్చినా సరేనన్నాను. ఆ మాట ఆయనకు నచ్చుతుందనే నమ్మకంతోనే అన్నాను. ఆయన కలానికి మూత పెట్టేశారు.

"ఎంతిచ్చినా సరేనన్న ఆర్టిస్టు ఒక్కడు కూడా నా సెట్‌కి టైముకి రాలేదమ్మాయ్. అంకె చెప్పు," అన్నారు.

నాలుగు వేలన్నాను. "నాలుగు వేలకి నిన్ను ఎంతని తిట్టగలను? ఐదు రాస్తున్నా," అని రాసుకున్నారు. ముఖంలో నవ్వు లేదు. ఆ మాటలో ఎంత నిజముందో మరునాడు ఉదయం తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళినప్పుడు తెలిసింది.

కేంద్రాన్ని ఆయన షూటింగులాగే నడిపేవారు. గేటు పక్క నల్లబల్ల మీద ప్రతి ఉదయం కాల్‌షీట్ రాయించేవారు. ఏ ఫిజియో ఏ వేళకు ఎవరిని చూడాలి, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు డైరెక్టరు గదిలో ఉండాలి అన్నీ అందులో ఉండేవి. తన వేళ తప్పిందని ఏ రోగి ఫిర్యాదు చేసినా, తప్పించినవారి జీతంలో సగం రోజు కోత పడేది. ఆ నియమం డైరెక్టరుకు కూడా వర్తిస్తుందని బల్ల అడుగున రాసి ఉండేది. అది కేవలం అలంకారం కోసం రాసిన వాక్యమని మేమందరం అనుకునేవాళ్ళం, యాదగిరి అడిగేవరకు.

యాదగిరి మోతీనగర్‌లో ఉండే సెట్ వడ్రంగి. షూటింగులో ఒక కోట సెట్టు గోడ అతని మీద కూలి నడుము కింద నరాలు దెబ్బతిన్నాయి. అతని ఎడమకాలు ఈడ్చుకుపోయేది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి పదకొండు నెలల్లో రెండు కర్రల మీదికి వచ్చాడు. మూడు నెలలకొకసారి డైరెక్టరు సమక్షంలో అతని పురోగతిని కొలవాలి. 1999 డిసెంబరులో ఒక ఉదయం ఏడున్నరకు ఆ కొలత. పట్టాభిరామయ్య గారి స్కూటరు దారిలో ఆగిపోయి, ఆయన ఎనిమిదికి వచ్చారు. వరండాలో పది మంది ముందు యాదగిరి కర్రల మీద లేచి నిలబడ్డాడు.

"సార్, ఏడున్నర అన్నరు. గిప్పుడు ఎనిమిదైంది. ఆటోకు నలభై రూపాయలు పెట్టుకొని వచ్చిన. గీ అరగంట నాకెవ్వలిస్తరు?"

ఇద్దరు ఫిజియోలు గోడవైపు చూస్తున్నారు. పట్టాభిరామయ్య గారి మెడ ఎర్రబడింది. ఆయనకు కోపం వచ్చిందని నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. లోపలికి వెళ్ళి, నన్ను పిలిచి, సగం రోజు జీతం కోత కాగితం మీద సంతకం చేసి, బయటికి వచ్చి బల్ల మీద తన పేరు ఎదుట తానే సున్న చుట్టారు. తర్వాత యాదగిరితో, "ఆటో డబ్బులు కూడా ఇవ్వనా?" అని ఎగతాళిగా అడిగారు. "వద్దు సార్, గది నేను చూసుకుంట. మీరైతే జర జల్ది రాండ్రి," అన్నాడతడు. అప్పుడు అందరూ నవ్వారు. ఆ రోజు తర్వాత మా రోగులు మమ్మల్ని చూసే చూపు మారింది. అప్పటిదాకా వాళ్ళు దండం పెట్టేవారు. అప్పటి నుంచి గడియారం చూసేవారు. నాకది మొదట్లో అవమానంగానే ఉండేది.

2000లో పురుషోత్తం గారు తమ బంధువులావిడ మోకాళ్ళకు చికిత్స చేయడానికి వారం రోజులు ఉదయం వేళ ఒక ఫిజియోను జూబ్లీ హిల్స్ ఇంటికి పంపమన్నారు. "కాల్‌షీట్‌లో లేరు సార్, సాయంత్రం ఆరు తర్వాత ఫీజు ఇచ్చి పిలిపించుకోండి," అని పట్టాభిరామయ్య గారు ఫోన్‌లోనే చెప్పేశారు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నా బల్ల దగ్గరికి వినిపించింది.

మాకు నెలనెలా అరవై వేలు ఇచ్చే దాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నెలకు లక్షా పదివేల ఖర్చులో సగం పైన వాళ్ళదే. ఊరంతా ఆ కంపెనీల బస్సులు తిరుగుతున్న కాలమది. ఆ డబ్బు ఆగిపోతుందని మాలో ఎవరికీ తోచలేదు. విదేశాల నుంచి పనులు తగ్గాయనీ, తమ ఉద్యోగులనే తీసేయవలసి వస్తోందనీ, క్షమించమనీ ఫ్యాక్స్‌లో రాశారు. రోగులకు మైనం పట్టు వేసే గది తలుపు దగ్గర నిలబడి పట్టాభిరామయ్య గారు దాన్ని రెండుసార్లు చదివారు. మధ్యాహ్నానికల్లా ఆయన దగ్గర లెక్క సిద్ధంగా ఉంది. రెండు లక్షల నలభై వేలతో తారల మధ్య జరిగే వార్షికోత్సవం మానేస్తే నెలకు ఇరవై వేలు. వ్యాను తీసేస్తే పదకొండు. ఇంతకంటే చిన్న భవనానికి మారితే పద్నాలుగు. ట్రస్టు సభ్యులు తమ తమ సినిమాల నుంచి ఇప్పించవలసింది పదిహేను. మొత్తం అరవై. అందులో తన జీతం ప్రస్తావన లేదు. ఆ సంగతి నేను వెంటనే గమనించాను.

ఆగస్టు 9న నేనే ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. మీ జీతం సగం చేసుకుంటే మిగతావాళ్ళు ధైర్యంగా ఉంటారని, ట్రస్టు సభ్యులను అడగడానికి మనకు ముఖం ఉంటుందని చెప్పాను. మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటలవి.

"చేసుకోను," అన్నారు.

"ఎందుకండీ?"

"నాకు కావాలి కాబట్టి. మధురానగర్‌లో ఇంటద్దె ఐదువేల ఐదు వందలు. మా ఆవిడ మందులున్నాయి. మిగతాది తింటాం. ఆ కారణం చాలదా? ఇంకో కారణం ఉంది. అది చెబితే గొప్పలు పోతున్నానంటావు. ఈ కుర్చీకి జీతం లేకుండా చేస్తే ఎవరొచ్చి కూర్చుంటారో ఒకసారి ఆలోచించు."

నేను ఆలోచించలేదు. చికిత్స కోసం చందాలు అడుక్కునే చోట పెద్ద కుర్చీలోని మనిషి తన వాటా వదలనంటున్నాడు, అంతే నాకు వినిపించింది. ఆ రోజు డైరీలో 'మనిషి చిన్నవాడైపోయాడు' అని రాసుకున్నాను. ఆ పేజీ చింపలేదు. తర్వాతి వారం, ఎవరూ అడగకుండానే, ఒక పట్టిక తయారు చేశాను. ఒక వైపు డైరెక్టరు జీతం ఇరవై నాలుగు వేలు. మరో వైపు, ఎనిమిదేసి వేల చొప్పున ముగ్గురు ఫిజియోలు, వాళ్ళు నెలలో చూసే రోగుల సంఖ్య. ఆగస్టు 18న దాన్ని జూబ్లీ హిల్స్‌కు తీసుకువెళ్ళి పురుషోత్తం గారి చేతికి ఇచ్చాను. నిజాయితీ గల పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన చదివి, "నీలాంటివాళ్ళు కావాలమ్మా," అన్నారు. ఆ మాటకు పొంగిపోయానని కూడా ఇక్కడ రాయాలి.

ఆగస్టు 25, శనివారం, సాయంత్రం నాలుగు గంటలకు వాళ్ళ ఇంట్లోనే సమావేశం. గేటు బయట డ్రైవర్లు కార్ల నీడన కూర్చుని ఉన్నారు. లోపల ఐదుగురు ట్రస్టు సభ్యులు, పట్టాభిరామయ్య గారు, నేను, పురుషోత్తం గారి కోడలు మాలిని గారు. ఆవిడ అంతకుముందు రెండుసార్లు కేంద్రానికి పండ్లు తెచ్చి, ప్రతి రోగి మంచం పక్కన కూర్చుని మాట్లాడి వెళ్ళింది. చదువుకున్న మనిషి, మెత్తని మనిషి. ఆవిడలో నాకు ఏ కపటమూ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

పట్టాభిరామయ్య గారు తన అరవై వేల లెక్క చదివారు. వార్షికోత్సవం దగ్గరకు వచ్చేసరికి సభ్యులలో కదలిక మొదలైంది. పరిశ్రమలో మన ముఖం అదే కదా అన్నారొకరు. పురుషోత్తం గారు ఆయనను పూర్తి చేయనివ్వకుండా నా పట్టిక తీసి బల్ల మీద పెట్టారు. అంకెలు పైకి చదివి, మాలిని ఒక్క రూపాయి తీసుకోకుండా డైరెక్టరు బాధ్యత చూస్తానంటోందని చెప్పారు. సభ్యులలో ఇద్దరు చప్పట్లు కొట్టారు.

"ఇరవై నాలుగు వేలు ఇస్తేనే పనిచేస్తావు, లేకపోతే చేయవు. అంతేనా పట్టాభీ?" అన్నారు పురుషోత్తం గారు.

"అంతే సార్."

అంత సూటి జవాబు ఆ గదిలో ఎవరూ ఊహించలేదు. పట్టాభిరామయ్య గారు మాలిని గారి వైపు తిరిగి, నెమ్మదిగా, "అమ్మా, మీరు రాని రోజున రోగులు ఎవరిని అడగాలి?" అన్నారు. "నేనెందుకు రానండీ?" అందావిడ, నిజంగానే నొచ్చుకుని. పురుషోత్తం గారు కాగితం పట్టాభిరామయ్య గారి ముందుకు తోసి, ఈ అంకెల్లో తప్పుందా అని అడిగారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చూశారు. కింద ఉన్న నా సంతకమూ చూశారు.

"నా పెట్రోలు మరిచిపోయావమ్మాయ్," అన్నారు నాతో. "నెలకి పదిహేను వందలు. కలుపు."

జేబులోంచి కలం తీసి ఇచ్చారు. అందరి ముందు నేను ఇరవై నాలుగు కొట్టేసి ఇరవై ఐదున్నర వేలు చేశాను. ఓటింగు నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

సెప్టెంబరు 29న ఆయన తాళాలు అప్పగించారు. నేను క్షమాపణ చెప్పలేదు, అప్పటికి చెప్పవలసిందేమీ ఉందనుకోలేదు. ఆయనా నిష్ఠూరమాడలేదు. గుమ్మం దగ్గర స్కూటరు తన్నుతూ, "నీ జీతం తగ్గించుకోమంటారు. ఒప్పుకోకు," అని మాత్రం అన్నారు. తనకు జరిగినదానికి కసి కొద్దీ అంటున్నారని అనుకున్నాను.

జనవరి 7న మాలిని గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి స్వీట్లు పంచి, చందాలు ఇంకా రావడం లేదనీ, తలా నాలుగో వంతు జీతం వదులుకుంటే బాగుంటుందనీ అడిగింది. తాను ఏమీ తీసుకోవడం లేదని ఆవిడ అనలేదు. అనవలసిన అవసరం లేదు. ఆ సంగతి గదిలో మా అందరి కంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. ఏమీ తీసుకోని మనిషికి నావల్ల కాదని ఎలా చెప్పాలో ఒక్కరికీ తెలియలేదు. తలలూపాం. ఫిబ్రవరిలోగా ఇద్దరు ఫిజియోలు కార్పొరేట్ ఆసుపత్రులకు వెళ్ళిపోయారు. వార్షికోత్సవం మాత్రం ఫిబ్రవరిలోనే జరిగింది. ఆవిడ నెలలో పది రోజులు వచ్చేది, కొన్నిసార్లు ఆరు. ఒకసారి ఊటీలో షూటింగు, ఒకసారి ఆడపడుచు పెళ్ళి. నల్లబల్ల మీద డైరెక్టరు వేళలు రాయడం ఎప్పుడు మానేశామో నా డైరీలో కూడా లేదు. ఎవరూ మానేయమని చెప్పలేదు, రాయడానికి ఎవరికీ చేయి రాలేదు.

2002 మార్చి 4, సోమవారం. ఏడున్నరకు యాదగిరి వచ్చాడు. అప్పటికి ఒంటి కర్ర మీద నడుస్తున్నాడు. మిగిలిన ఒక్క ఫిజియోను మాలిని గారు ఒక నిర్మాత తల్లి కోసం జూబ్లీ హిల్స్‌కు పంపింది. ఆ పెద్దావిడ దయ తలిచి పెద్ద చందా ఇస్తారేమోనన్న ఆశతో పంపింది. అది వరుసగా మూడో వారం. తొమ్మిదైంది, పదైంది. ఫిజియో రాలేదు. యాదగిరి బెంచీ మీద నుంచి లేవలేదు, ఏమీ అనలేదు. నాకే ఉండబట్టలేక, మేడమ్‌కు ఫోన్ కలుపుతాను, నువ్వే మాట్లాడు యాదగిరీ, గట్టిగా అడుగు అన్నాను. అతడు నా వైపు జాలిగా చూశాడు.

"ఆమె ఫుకట్ల చేస్తున్నదట కదమ్మా. ఎట్లడుగుత? పెద్దసారుకు మనం జీతమిచ్చినం, అడిగిన. గీమెను అడిగితే నేనే పాపాత్ముణ్ణైత."

పది గంటల నలభై నిమిషాలకు లేచి, గోడ పట్టుకుని గేటు దాకా నడిచి, ఆటో ఎక్కాడు. మళ్ళీ రాలేదు. మనిషిని పంపిస్తే, చూసుకుంటాలే అన్నాడట. ఆ ఏడాది చివరికి మళ్ళీ చక్రాల కుర్చీకి వచ్చాడని విన్నాను. నా పట్టికలో ముగ్గురు ఫిజియోలున్నారు, వాళ్ళు చూసే రోగులున్నారు. రోగి నోరు తెరిచి అడగడానికి నెలకు ఎంత ఖర్చవుతుందో నేను అందులో వేయలేదు.

ఆ వారమే మధురానగర్ వెళ్ళాను. పట్టాభిరామయ్య గారు అప్పటికి ఒక టీవీ సీరియల్‌కు మేనేజరుగా చేస్తున్నారు, ఇరవై ఆరు వేలకు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. అంతా చెప్పాను, పట్టిక నేనే ఎవరూ అడగకుండా చేశానని కూడా. ఆ సంగతి తెలుసన్నారు. యాదగిరి పేరు విన్నప్పుడు మాత్రం ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టేశారు. నేను క్షమించమని అడగబోతుంటే చేయి అడ్డం పెట్టారు.

"ఇప్పుడు నీకెంత ఇస్తున్నారు?"

"నాలుగో వంతు తగ్గించుకున్నాను సార్."

"ఒప్పుకోవద్దన్నాను కదమ్మా." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "నువ్వు తగ్గించుకున్న రోజే పక్కనున్న ఆయాకి కాదనే దారి మూసుకుపోయింది. మంచితనం చూపించే ముందు వెనక ఎవరున్నారో చూసుకోవాలి. నేను డబ్బు మనిషినే. అలా అనిపించుకోవడం నాకేం కష్టం కాలేదు. నీకు కష్టమవుతుంది, అదే నీ జబ్బు."

మార్చి 18న ట్రస్టుకు ఒక ఉత్తరం రాశాను. డైరెక్టరుకు జీతం ఇచ్చి, వేళలు నిర్ణయించి, తప్పితే అందులో కోత పెట్టమని కోరాను. మాలిని గారు ఆ ఉత్తరం చదివి కన్నీళ్ళు పెట్టుకుందట. దానితో నేను కృతఘ్నురాలినయ్యాను. జూన్ ఆఖరుకు బయటికి వచ్చాను. కేంద్రం ఇంకో రెండేళ్ళు పేరుకు నడిచి మూతపడింది. పట్టాభిరామయ్య గారు 2009లో పోయారు. పోయేదాకా ఏదో ఒక ప్రొడక్షన్‌లో జీతం తీసుకుంటూనే ఉన్నారు. చివరిసారి చూడబోయినప్పుడు కూడా, ఇంకా ముగ్గురి దగ్గర బాకీ వసూలు చేయాలని విసుక్కున్నారు. ఆయనను మహానుభావుడని రాస్తే ఆయనే కొట్టేస్తారు. ఆయన త్యాగాలు చేసిన మనిషి కాదు. తన పనికి వెల చెప్పి, ఆ వెలకు తగినట్టు చీవాట్లు తినడానికి నిలబడిన మనిషి. అటువంటివారిని నేను తర్వాత ఎక్కువమందిని చూడలేదు.

ఇప్పుడు నేను ఎర్రగడ్డ దగ్గర వినికిడి లోపమున్న పిల్లల బడికి డైరెక్టరును. జీతం నెలకు యాభై ఎనిమిది వేలు. రెండేళ్ళుగా మాకూ చందాలు తగ్గుతున్నాయి. పోయిన నెల ఒక టీచరు, నా అప్పటి వయసుదే, నా గదిలోకి వచ్చి తలుపు వేసి, మీరు సగం తగ్గించుకోవచ్చు కదా మేడమ్ అని అడిగింది. కూర్చోబెట్టి, కారణాలు రెండూ చెప్పాను, నాకు అవసరమన్న కారణాన్నే ముందు చెప్పాను. ఆమెకు నచ్చలేదు. ఆ రోజు తన డైరీలో నా గురించి ఏం రాసుకుని ఉంటుందో ఊహించగలను.

లెక్క ఇది. డైరెక్టరు జీతం నెలకు ఇరవై ఐదున్నర వేల చొప్పున, అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలల్లో ట్రస్టుకు ఆదా అయినది లక్షా యాభై మూడు వేలు. పోయినవి: ఒక డైరెక్టరు, ఇద్దరు ఫిజియోలు, మధ్యలో ఆగిపోయిన ఇరవై ఆరుగురి చికిత్స, యాదగిరి ఎడమకాలు. మిగిలినవి: నా జీతం, దాని మూలంగా నన్ను నిలదీయగల మా బడి సిబ్బంది పంతొమ్మిది మంది. ఈ నెల ఇద్దరు నిలదీశారు.